మాట్లాడే పెట్టె

నలభై ఏళ్లుగా మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తున్నాను. ఇన్నేళ్లలో నన్ను సలహా అడగడానికి మా గడప తొక్కినవాళ్లు ఒక చేతి వేళ్లకు సరిపోతారు. నాకు సలహా ఇవ్వడానికి తొక్కినవాళ్ల వల్ల గడప అరిగిపోయింది. అందుకే పోయిన వేసవిలో మా తమ్ముడి కూతురు హేమ ధర్మవరం నుంచి పెనుకొండకు బస్సులో వచ్చి, చెప్పులైనా విడవకముందే, "అత్తా, పగిలే సామాను పగలకుండా ఎట్ల తీసుకపోవల్ల?" అని అడిగినప్పుడు ఇంకెవరినైనా అడుగుతోందేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను.

హేమ పట్టుచీరల అంచులకూ కొంగులకూ కంప్యూటర్ మీద డిజైన్లు వేస్తుంది. వెనకటికి అట్టముక్కలకు చిల్లులు కొట్టి, వాటిని దండలాగా కుట్టి మగ్గం పైన తగిలించేవాళ్లు. ఏ పోగు లేవాలో ఆ చిల్లులే చెప్పేవి. ఇప్పుడు ఆ పని కంప్యూటరూ, దానికి తగిలించే కంట్రోలర్ అనే చిన్న డబ్బా చేస్తున్నాయి. జపాన్‌లో ఎక్కడో నేతల ప్రదర్శన జరుగుతుందట. మగ్గం వాళ్లే ఇస్తారు, పది రోజులు అక్కడ కూర్చుని మన అంచు నేసి చూపించాలి. పిలుపు హేమకే వచ్చింది గానీ ఆ డిజైన్లు ఆమె ఒక్కదానివే కావు. మా తమ్ముడి మగ్గాల షెడ్డులో నేసే నలుగురు ముసలి నేతగాళ్ల చేతుల్లో మాత్రమే మిగిలి ఉన్న అంచులను, రెండేళ్లు వాళ్ల పక్కన కూర్చుని, ఒక్కో పోగు అడిగి అడిగి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క కంప్యూటర్ మీదే పనిచేస్తుంది, ఇంకోదాంట్లోకి ఎక్కదు. అది చూస్తే సంచిలో పట్టే లాప్‌టాప్ కాదు, మోకాలెత్తు డబ్బా. అది అక్కడికి చేరి వెలిగితే ఆ నలుగురి పని సముద్రం అవతలివాళ్లు చూస్తారు. దారిలో లోపలి బోర్డు బీటలు వారితే హేమ పది రోజులూ ఖాళీ మగ్గం ముందు కూర్చుని నమస్కారాలు పెట్టి తిరిగి రావాలి.

"నన్నెందుకు అడుగుతావే? కంప్యూటర్ అమ్మినవాణ్ణి అడగరాదా?" అన్నాను.

"అడిగినా. వచ్చినప్పటి డబ్బాలోనే పెట్టండి మేడమ్ అన్నాడు. ఆ డబ్బాలో మా అమ్మ ఉల్లిగడ్డలు పోసింది. నువ్వు లాంతరు గ్లాసుల అంగట్లో పుట్టినదానివి కదా, అందుకే నీ దగ్గరికొచ్చినా."

ఆ అంగడిని హేమ చూడలేదు. దాని స్థానంలో ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అతికించే కొట్టు ఉంది. ఒక రకంగా వ్యాపారం మారలేదనే చెప్పాలి. పెనుకొండ బజారులో ఒక గది వెడల్పున ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో గోనెపట్టా తెర. తెరకు ఇటువైపు కిరసనాయిలు వాసన, అటువైపు సంగటి వాసన, రెండు వైపులా చెనిక్కాయ పొట్టు, అంటే వేరుశనగ పొట్టు, దుమ్ము. అన్నంలో పొట్టు, పరుపులో పొట్టు, నా జడలో పొట్టు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను చూసినప్పుడల్లా తనకు ఆకలి అవుతుందని చెప్పేది. ఆ పొట్టంతా మా అవ్వ సామ్రాజ్యం. అవ్వ హిందూపురం పోయి లాంతరు గ్లాసులు తెచ్చేది. వస్తూ వస్తూ అక్కడ కాయలు వొలిచే మిల్లు వెనక గుట్టగా పడి ఉన్న పొట్టు రెండు గోతాలకు నింపుకొచ్చేది. దాన్ని జల్లెడ పట్టి, రాళ్లు ఏరి, మిద్దె మీద ఎండబోసేది. ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరడానికి ఆమెకు అంత ఓపిక ఉండేది కాదు. నాయన ఆ మాట అంటే, "బియ్యంలో రాయుంటే నీ పన్ను పోతాది, పొట్టులో రాయుంటే గ్లాసు పోతాది. పన్ను ఊర్నే వచ్చింది, గ్లాసుకు దుడ్డు పెట్టినా" అనేది.

చుట్టుపక్కల ఊళ్ల అంగళ్లకు పంపే గ్లాసులు సర్దేటప్పుడు అవ్వ ఎవరితోనూ మాట్లాడేది కాదు. చెక్కపెట్టె అడుగున నాలుగు వేళ్ల మందం పొట్టు పరిచేది. గ్లాసు లోపలా పొట్టే నింపేది. గ్లాసుకూ గ్లాసుకూ నడుమ రెండు వేళ్లు పెట్టి చూసి, ఆ సందులోకి పొట్టు జారవిడిచేది. గ్లాసు చెక్కను తాకకూడదు, గ్లాసు గ్లాసును తాకకూడదు. నేను సాయం చేస్తానని పొట్టును అరచేత్తో అదిమితే చెయ్యి మీద ఒక్కటి వేసేది. "కుక్కితే గూడా పగుల్తాది మే. దానికి కొంచెం ఊపిరి ఆడల్ల, కానీ కదలకుండా ఉండల్ల." మూత వేశాక అసలు పరీక్ష. నాయన ఒక వైపు, ఎదురింటి పిండిమిల్లు అతను ఒక వైపు పెట్టెను ఎత్తి తొట్టిలలాగా మెల్లగా ఊపాలి. అవ్వ చెక్కకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేది. లోపల ఎక్కడో పిసరంత చప్పుడు వినిపిస్తే చాలు, "మాట్లాడ్తాండాది, దించండి" అనేది. మళ్లీ మూత తీయడం, మళ్లీ పొట్టు. మాట్లాడే పెట్టె బస్సెక్కకూడదు, అది మా ఇంట్లో రాజ్యాంగం. పెట్టె నోరు మూసుకున్నాకే దాని మూత మీద కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం చూపించేది.

ఇక అవ్వ భక్తి గురించి చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను. శనివారం ఒక్కపొద్దు. పిల్లి ఎదురైతే వెనక్కొచ్చి కూర్చుని చెంబెడు నీళ్లు తాగి గానీ లేచేది కాదు. రాహుకాలంలో పక్కింటికి పోవాలన్నా పోయేది కాదు. ప్రయాణం రోజు మంచిది కాకపోతే ముందు రోజే మంచి గడియ చూసి ప్రస్థానం పెట్టేది. ప్రస్థానం అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. మనం పోలేని మంచి గడియలో మన సామాను ఒకటి ముందుగా గడప దాటించి ఇంకొకరింట్లో పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. మర్నాడు చెడ్డ గడియలో మనం బయలుదేరినా గ్రహాలు మోసపోతాయన్న మాట. లోకాన్ని నడిపించే గ్రహాలను ఒక సంచితో బోల్తా కొట్టించవచ్చని మన పెద్దలకు ఉన్న నమ్మకం నాకెప్పుడూ ఆశ్చర్యమే. అవ్వ తమలపాకులూ వక్కలూ దాచుకునే తన వక్కాకు సంచిని పిండిమిల్లు ఇంట్లో పెట్టించేది. ఒకసారి ఆ ఇంటావిడ, పోయేది గ్లాసుల పెట్టే కదా, ఆ పెట్టెనే తెచ్చి పెట్టరాదా అంటే అవ్వ కోప్పడింది. "ఏందమ్మే నువ్వు చెప్పేది? గ్లాసుల పెట్టెను ఎత్తేది దించేది ఆటలనుకుంటివా? దేవునికి నా వక్కాకు సంచి చాలు."

అదే ఇంట్లో మా నాయన హేతువాది. అంగట్లో గ్లాసుల కంటే ఆయన పత్రికలకే ఎక్కువ చోటు. సాయంత్రమైతే అంగడి అరుగు మీద సభ. దేవుడు ఉన్నాడా, జాతకం నిజమా, శాస్త్రం ఏమంటుంది అని గొంతులు చించుకునేవాళ్లు. ఎదుటి పక్షం ఎప్పుడూ పంచాంగం చెప్పే అయ్యవారు. ఆయన నెమ్మదస్తుడు, వాదంలో మా నాయన నోటికి నిలవలేక నవ్వి ఊరుకునేవాడు. ఒకరోజు మాత్రం, "ఇన్ని చెప్తావు కదప్పా, నీ గ్లాసుల పెట్టె రాహుకాలంలో కదిలిచ్చు చూద్దాం" అన్నాడు. నాయన అరుగు మీద లేచి నిలబడి, రేపే రొద్దం ఊరి అంగళ్లకు పోయే సరుకు సరిగ్గా రాహుకాలంలో అంగడి దాటుతుందని, ఒక్క గ్లాసు పగిలినా మీసం తీసేస్తానని బజారంతా వినేట్టు అరిచాడు.

మర్నాడు మా నాయన గడియారం వైపు చూసినన్ని సార్లు ఏ పురోహితుడూ చూసి ఉండడు. అవ్వ ఒంట్లో బాగాలేక ఆలస్యంగా లేచింది, సర్దడం ఆలస్యమైంది. నాయన తానే కూర్చుని సగం పెట్టె నింపాడు, శాస్త్రోక్తంగా, అంటే భౌతిక శాస్త్రం ప్రకారం, గ్లాసుల నడుమ వేళ్లు పెట్టి చూడకుండా, కదలిక లేకుండా గట్టిగా కుక్కి. పై సగం అవ్వ నింపి, మూతకు చెవి ఆనించింది. "దించు నాయనా, మాట్లాడ్తాండాది."

"అమ్మా, టైం లేదు. రాహుకాలం దాటిపోతాంది!"

రాహుకాలం దాటిపోతుందేమోనని కంగారు పడిన మనిషిని నా జీవితంలో ఆయనొక్కణ్ణే చూశాను. పెట్టె బస్సెక్కింది. నాయన ఒళ్లో నేనూ ఎక్కాను. రొద్దంలో మూత తీసినప్పుడు పైవరుస బాగుంది. కింద ఆయన కుక్కినదంతా ముక్కలు. మరుసటి రోజు మా అంగడి ముందు చేరిన జనాన్ని నేను ఏ సభలోనూ చూడలేదు. రాహుకాలం, రాహుకాలం అని ఒకటే మాట. నాయన మీసం లేకుండా గల్లాపెట్టె వెనక తలొంచుకుని కూర్చున్నాడు. అప్పుడు అవ్వ గోనెపట్టా తెర తీసుకుని బయటికి వచ్చింది. రాహుకాలాన్ని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి, ఆ రోజు కొడుకు మీద గెలవడానికి ఒక్క మాట చాలు, ఊరంతా ఆమె పక్షమే. "రాహుకాలం ఏం చేసిందప్పా పాపం? పెట్టె మాట్లాడ్తాంటే నా కొడుకు ఇనలేదు, అందుకే పగిల్నాయి. పోండి, పోయి మీ పనులు చూసుకోండి" అని చెప్పి లోపలికి పోయింది. ఊరు ఆ మాట వినలేదు. వాళ్లకు రాహుకాలమే కావాలి. తర్వాత ఎన్నేళ్లో మా నాయన ఏ వాదం ఎత్తినా ఎవరో ఒకరు, "రొద్దం గ్లాసులు" అని దగ్గేవాళ్లు. నాకు మాత్రం అప్పుడే తెలిసింది, అంగడి అరుగు మీద హేతువాదం గొంతు చించుకుంటుంటే తెర వెనక అసలు హేతువాది పొట్టు జల్లిస్తోందని.

ఇదంతా హేమకు చెప్పి, పొట్టు తెప్పిస్తానన్నాను. "పొట్టు వద్దత్తా. మొక్కల నుంచి వచ్చేదేదీ ఆ దేశంలోకి రానీరంట" అంది. అదొక దెబ్బ. సరే, సూత్రం అదే, పొట్టు బదులు ఫోమ్ షీట్లు. ప్రయాణానికి మూడు రోజుల ముందు నేనే ధర్మవరం పోయాను. కంప్యూటర్ లోపల బోర్డు మీద వేలాడే బరువైన ఫ్యాను విప్పించి విడిగా చుట్టాం. డిజైన్లున్న హార్డ్ డిస్కూ, కంట్రోలరూ హేమ చేతిసంచిలోకి. డిజైన్లకు ఇంకో నకలు విడిగా పెన్‌డ్రైవ్‌లో. కంప్యూటర్ డబ్బాను ఫోమ్ షీట్లలో చుట్టి ఒక అట్టపెట్టెలో, ఆ అట్టపెట్టెను ఇంకో పెద్ద అట్టపెట్టెలో, నడుమ నాలుగు వేళ్ల మందం మెత్తలు. నేను అంతటితో ఆగలేదు. 'పగులును, జాగ్రత్త' అని ఇంగ్లీషులో రాసిన ఎర్ర స్టిక్కర్లు తెచ్చి నాలుగు పక్కలా, పైనా, కిందా అతికించాను. కింద అతికించింది ఎవరు చదువుతారని హేమ అడిగింది. ఏమో, ఉండనీ అన్నాను. ఆ జవాబు ఇంకొకరి నోట వింటే నేను వ్యాసం రాసి ఉండేదాన్ని. శనివారం సాయంత్రం తమ్ముడూ హేమా చెరో వైపు పట్టి ఊపితే, నేను చెవి ఆనించాను. పెట్టె నోరు విప్పలేదు.

ఆదివారం పొద్దున స్నానం చేసి వచ్చేసరికి పెట్టె లేదు.

"ప్రస్థానం పెట్టినాము వదినా" అంది హేమ తల్లి, మా మరదలు సరోజ, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. సోమవారం తూర్పుకు వారశూల, ఆ వారం ఆ దిక్కుకు ప్రయాణం కూడదట. జపాన్ తూర్పు. కారు పోయేది బెంగళూరుకు, అది దక్షిణం కదా అంటే, విమానం తూర్పుకే కదా తిరిగేది అంది. పైగా బయలుదేరే వేళకు రాహుకాలం. "అందుకని పొద్దున్నే మంచి గడియలో మా చిన్నమ్మ ఇంటికి పంపినా."

"ఎట్ల పంపినావు?"

"ఎట్లేముంది, మీ తమ్ముడు స్కూటర్ మీద పెట్టుకోని పోయినాడు."

సముద్రం దాటడానికి కట్టిన పెట్టె రెండు వీధులు స్కూటర్ మీద మా తమ్ముడి కాళ్ల సందులో, ఏడు గుంతలూ మూడు స్పీడ్ బ్రేకర్లూ దాటి పోయింది. నాకు అవ్వ వక్కాకు సంచి గుర్తుకొచ్చింది. "ఒక టవలో చెప్పులో పంపరాదా సరోజా?" అంటే, "కంప్యూటర్ కోసం పోతాండే ప్రయాణం వదినా, చెప్పులు పంపితే చెప్పులే క్షేమంగా చేరేది" అంది.

సోమవారం పొద్దున ఏడున్నరకు కారు వాకిట్లో నిలబడింది. పెట్టె అదే స్కూటర్ మీద తిరిగొచ్చింది. తమ్ముడు దాన్ని నేరుగా కారులోకి ఎక్కించబోతుంటే ఆపాను. "ఊపు" అన్నాను.

"మొన్న ఊపితిమి కదక్కా. టైం అవుతాంది."

"ఊపప్పా."

ఊపారు. చెవి ఆనించాను. లోపల, లోతుగా, గాజు మీద గోరు తగిలినట్టు 'కిణుక్' అంది. ఇంకోసారి ఊపితే ఇంకోసారి. హేమ పరుగెత్తి కత్తెర తెచ్చింది. వాకిట్లోనే టేపు కోసి, పెట్టెలో పెట్టె తీసి, మెత్తలు తీసి, డబ్బా పక్క తలుపు విప్పింది. బోర్డు మీద అరచెయ్యంత రాగిరేకు. దాని మీద గీతలు, అక్షరాలు, నడుమ కుంకుమ.

"దేన్ని కాపాడల్లనో దాని లోపలే పెట్టమన్నాడు, యంత్రం రాసిచ్చిన స్వామి" అంది సరోజ, గొంతు తగ్గించి. ప్రస్థానం పెట్టిన ఇంట్లోనే విప్పి పెట్టిందట. టేపు కూడా కొత్తది చక్కగా వేసింది.

"రేకు బోర్డు మీద పడుండగా కరెంటు పెట్టింటే అయిపోయేది మే, మొత్తం కాలిపోయేది!" అన్నాడు తమ్ముడు.

నేను రేకును చేత్తో పైకెత్తి పట్టుకున్నాను. నలభై ఏళ్ల వ్యాసాలన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. మొదలుపెట్టాను కూడా. ఇరుగుపొరుగు గోడల మీదికి చేరారు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి, ఆలస్యమవుతున్న కొద్దీ సరిగ్గా రాహుకాలంలోనే బయలుదేరుతున్నామని నాకు లోపల్లోపల సంతోషంగా ఉంది. ఆ సంతోషం ఎవరిదో నాకు తెలుసు. అది మీసం పోగొట్టుకున్న మనిషిది.

సరోజ ఏడవలేదు, అరవలేదు. "ఒప్పుకుంటా వదినా, నాకు తెలీదు. మీరందరూ దానికి ఏదో ఒకటి చేస్తాండారు. మీ తమ్ముడు ఫ్యాను ఇప్పినాడు, నువ్వు స్టిక్కర్లు అంటిచ్చినావు. రెండేండ్లు నా బిడ్డ నిద్ర మాని చేసింది నేనేమీ చేయకుండా ఎట్ల పంపేది? నాకు చేతనైంది అదొక్కటే" అంది.

నేను మళ్లీ నోరు తెరిచేలోపల హేమ అందుకుంది. "అత్తా, నీ ఉపన్యాసం అయ్యేలోపల విమానం జపాన్‌లో దిగుతాది. గమ్మునుండి ఆ టేపు ఇయ్యి. అమ్మా, రేకు నా చేతిసంచిలో పెట్టుకుంటా. డబ్బా లోపల వద్దు, ఎవురి నమ్మకమైనా డబ్బా బయటే." అని నా స్టిక్కర్ల వైపు చూసి, "ఇవి బయటే ఉండాయి కాబట్టి ఉండనిస్తాండా" అంది. మెత్తలు సరిచేసి, మూత వేసి, ఈసారి చెవి తనే ఆనించింది. పెట్టె మాట్లాడలేదు. కారు కదిలింది.

బెంగళూరులో తనిఖీ దగ్గర హేమ చేతిసంచి మొత్తం విప్పించారట. హార్డ్ డిస్కు ఏమిటి, ఈ డబ్బా ఏమిటి అని పావుగంట అడిగిన మనిషి, రాగిరేకు కనిపించగానే ఏమీ అడక్కుండా కళ్లకద్దుకుని తిరిగిచ్చాడట. రెండు రోజుల తర్వాత హేమ ఫోన్‌లో కనిపించింది. వెనక మగ్గం, పక్కన కంప్యూటర్ తెర మీద వెలుగుతున్న అంచు. నలుగురు ముసలి నేతగాళ్లూ సరోజ వంటింట్లో ఫోన్ చుట్టూ తలలు ఆనించి నిలబడ్డారు. వాళ్లలో పెద్దాయన, "ఆ మూడో పోగు చూడు, సరిగ్గా లేస్తాండాదా?" అని మాత్రం అడిగాడు. లేస్తోందని హేమ చూపించింది. ఆయన తలకు చుట్టిన తుండు విప్పి ముఖం తుడుచుకున్నాడు. సరోజ నా వైపు తిరిగి, "చూసినావా వదినా, రేకు ఎట్ల కాపాడిందో" అంది. రొద్దం నుంచి తిరిగొచ్చిన రోజు మా నాయనకు ఎలా ఉండి ఉంటుందో నాకు తెలిసింది. గ్లాసులు పగిలితే రాహుకాలం గెలిచింది, పగలకపోతే రాగిరేకు గెలిచింది. ఈ ఆటలో మా పక్షం గెలిచే పద్ధతి ఎవరూ రాయలేదు. అవ్వ కాలంలో దేవుడు మూత మీద కుంకుమబొట్టంత చోటులో సర్దుకుని, లోపలి పని పొట్టుకు వదిలేసేవాడు. ఇప్పుడు బోర్డు మీదే కూర్చుంటానంటున్నాడు. చదువులు పెరిగాయి, మనం తూర్పుకు ఎగురుతున్నాం, చోటు మాత్రం ఆయనే అడుగుతున్నాడో మనమే ఇస్తున్నామో తేల్చి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాయలేకపోయాను.

హేమ తిరిగొచ్చిన కొన్నాళ్లకు ధర్మవరం బస్సు డ్రైవర్ చేత సరోజ నాకొక పెట్టె పంపింది. చిన్న అట్టపెట్టె, మూత మీద కుంకుమ బొట్టు. ఎందుకో దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. చప్పుడు లేదు. విప్పితే చెనిక్కాయ పొట్టు, జల్లెడ పట్టి దుమ్ము తీసిన పొట్టు. అందులో నాలుగు వైపులా నాలుగేసి వేళ్ల సందుతో ఒక గాజు జాడీ నిండా మామిడికాయ ఊరగాయ. ఫోన్ చేశాను.

"జాడీ పగలకుండా చేరింది సరోజా."

"చేరకుండా యాడికి పోతాది వదినా, మంచి గడియ చూసి పంపినా."

"పొట్టు కూడా పోసినావు కదే?"

అటువైపు పొయ్యి మీద నుంచి గిన్నె దించిన చప్పుడు. తర్వాత, "అది కూడా పోసినాలే" అంది.